తీగ బాగానే ఉంది, తొడుగే పోయింది: గ్లియా కణాల కథ

ఈసారి ఎపిసోడ్ కొంచెం పొడుగు. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, వీలుంటే ఒకచోట కూర్చుని వినండి.

మామూలుగా నేను ఒక బొమ్మతో మొదలుపెడతా. ఇవాళ ఒక ప్రశ్నతో మొదలుపెడుతున్నా. రెండేళ్ల కిందట ఒక 22 ఏళ్ల కుర్రాడు నన్ను అడిగిన ప్రశ్న ఇది. "అన్నా, మీ బాబాయికి నరాలు మళ్లీ వచ్చాయి కదా. మరి నావెందుకు రావు?"

అప్పటికే నేను న్యూరాన్ మీద మూడు ఎపిసోడ్లు చేసి ఉన్నా. కామెంట్స్‌లో "సూపర్ బ్రో, క్లియర్‌గా అర్థమైంది" అని బోలెడు మెచ్చుకోళ్లు. అయినా ఆ ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు. "వస్తాయిలే తమ్ముడూ" అనేసి బయటికి వచ్చేశాను. ఆ మాట ఉత్తదని నాకు తెలుసు, అతనికీ తెలుసు. ఆ రోజు చెప్పలేకపోయింది ఇప్పుడు చెప్తాను.

ముందు మా బాబాయి సంగతి.

మా బాబాయిది మోటార్ రివైండింగ్ షాపు. ఎండాకాలం వచ్చిందంటే కాలిపోయిన బోరు మోటార్లు షాపు ముందు వరసగా పడి ఉంటాయి. ఒకరోజు ఉన్నట్టుండి "చెప్పు కాలి నుంచి జారిపోతోందిరా, జారినట్టు కూడా తెలీట్లేదు" అన్నాడు. పాదాల్లో తిమ్మిరి. షుగరేమో అనుకున్నాం. అంతకు పది రోజుల ముందు విరేచనాలు పట్టుకుని తగ్గాయి. దానికీ దీనికీ సంబంధం ఉంటుందని మాలో ఎవరికీ తోచలేదు. రెండోరోజుకి మెట్లెక్కలేకపోయాడు. మూడోరోజు చేతిలో స్క్రూడ్రైవర్ నిలవలేదు. నాలుగోరోజు రాత్రికి వెంటిలేటర్ మీద ఉన్నాడు. ఒళ్లంతా చచ్చుబడిపోయింది కానీ తెలివి మాత్రం పూర్తిగా ఉంది. మాతో కళ్లతోనే మాట్లాడేవాడు. అది చూసినవాళ్లకి తెలుస్తుంది ఎంత భయంగా ఉంటుందో.

డాక్టరు గారు మోకాలి కింద రబ్బరు సుత్తితో కొట్టి చూశారు. కాలు ఎగరలేదు. నరాలకి చిన్నగా కరెంటు ఇచ్చి, అది ఎంత స్పీడుగా పోతోందో చూసే టెస్ట్ చేశారు. గిలియన్ బారీ సిండ్రోమ్, పొట్టిగా జీబీఎస్ అన్నారు. 2025 మొదట్లో పుణెలో ఒక్కసారిగా చాలా కేసులు వచ్చినప్పుడు టీవీలో మోగిపోయిందే, ఆ పేరే. డాక్టరు గారు మాకు చెప్పింది ఇంతే: "నరం కరెంటు తీగ లాంటిది అనుకోండి. తీగ బాగానే ఉంది. మీద తొడుగు పోయింది. తొడుగు మళ్లీ వస్తుంది. టైమ్ పడుతుంది."

వెంటిలేటర్ తీసేశాక ఈ మాట బాబాయికి చెప్పాను. గొంతు ఇంకా సరిగ్గా పెగలట్లేదు. ఆయన అన్న మొదటి మాట, "అంటే రాగి పోలేదు, వార్నిష్ పోయిందన్నమాట."

జీవితమంతా కాయిల్స్ చుట్టిన మనిషి కదా. నేను మూడు ఎపిసోడ్లలో చెప్పింది ఒక్క ముక్కలో చెప్పేశాడు. ఆ ముక్కలో ఒక తప్పు కూడా ఉంది, దాని దగ్గరికి వస్తాను.

ఆర్నెల్ల తర్వాత బాబాయి చేతికర్ర పట్టుకుని షాపుకి వెళ్లాడు. మధ్యలో మూడు నెలలు ఫిజియోథెరపీ. ఆ గదిలోనే ఇందాక చెప్పిన కుర్రాడు పరిచయం అయ్యాడు. బైక్ యాక్సిడెంట్. ఛాతీ మట్టానికి వెన్నెముక విరిగి, లోపల వెన్నుపాము నలిగిపోయింది. చేతులు బాగున్నాయి, నడుము నుంచి కింద ఏమీ లేదు. ఇద్దరూ పక్కపక్క మ్యాట్ల మీద ఒకే ఫిజియో దగ్గర చేసేవాళ్లు. ఒకరి కాళ్లలోకి వారం వారం కొంచెం కొంచెం బలం వస్తోంది. ఇంకొకరికి రావట్లేదు. అందుకే అడిగాడు ఆ ప్రశ్న.

సరే, ఇప్పుడు ఆ తొడుగు సంగతి చూద్దాం.

నాడీ వ్యవస్థ అనగానే మనకి న్యూరాన్లే గుర్తొస్తాయి. వాటి మధ్య ఉండే మిగతా కణాలన్నిటికీ కలిపి గ్లియా అని పేరు. ఆ పేరు పెట్టింది రుడాల్ఫ్ ఫిర్కో అనే జర్మన్ డాక్టరు, 1856లో. గ్రీకులో గ్లియా అంటే జిగురు. న్యూరాన్లని ఒకదానికొకటి అంటించి ఉంచే బంక అనుకున్నాడు ఆయన. పేరు ఒకసారి పడితే పోదు కదండీ. ఊళ్లో ఒకడికి నత్తి అని పేరు పడితే, వాడు పెద్దయ్యాక స్టేజీ ఎక్కి ఉపన్యాసం దంచినా నత్తిగాడే. గ్లియాకి కూడా అదే జరిగింది. నూరేళ్లకి పైగా "అది బంక" అని పక్కన పెట్టేశారు.

అందుకు ఇంకో కారణం కూడా ఉంది. న్యూరాన్లకి సన్న ఎలక్ట్రోడ్ పెడితే టకటకా కరెంటు చప్పుళ్లు వినిపిస్తాయి. గ్లియాకి పెడితే నిశ్శబ్దం. మాట్లాడనివాడికి పని లేదనుకున్నారు. 1990లో ఆస్ట్రోసైట్లు అనే నక్షత్రం ఆకారపు గ్లియా కణాలని, కాల్షియంని పట్టి మెరిసే రంగు వేసి చూస్తే, ఒక కణం నుంచి పక్క కణానికి అలలు పాకుతూ కనిపించాయి. అవి తమలో తాము కబుర్లు పంపుకుంటూనే ఉన్నాయి. కాకపోతే మనం పెట్టిన మైకు వాటికి పనికొచ్చేది కాదు.

ఇంకో మాట. "మెదడులో గ్లియా కణాలు న్యూరాన్లకి పది రెట్లు ఉంటాయి" అని చాలా పుస్తకాల్లో ఉంటుంది. నేనూ ఒక పాత ఎపిసోడ్‌లో అదే చెప్పాను. అది తప్పు. 2009లో బ్రెజిల్ శాస్త్రవేత్త సుజానా హెర్కులానో హౌజెల్ బృందం మనిషి మెదడుని ద్రవంలో కరిగించి, అక్షరాలా పులుసు చేసి, అందులో కణాల కేంద్రకాలని లెక్కపెట్టారు. న్యూరాన్లు సుమారు 8,600 కోట్లు. మిగతా కణాలన్నీ కలిపితే సుమారు 8,500 కోట్లు. దాదాపు సగం సగం. ఆ పాత వీడియో కింద సవరణ పెట్టాను, చూసుకోండి.

మనకి కావాల్సిన గ్లియా ఇవాళ రెండే రకాలు. చేతులు, కాళ్లు, పొట్ట, ముఖం, అంటే మెదడు-వెన్నుపాము బయట ఉన్న నరాల్లో ఉండేవి ష్వాన్ కణాలు. మెదడు, వెన్నుపాము లోపల అదే పని చేసేవి ఆలిగోడెండ్రోసైట్లు. నోరు తిరగని పేరే, కానీ ఒకట్రెండుసార్లు పైకి అనండి, వచ్చేస్తుంది. ఆ కుర్రాడి ప్రశ్నకి జవాబులో పెద్ద ముక్క ఈ రెండింటి మధ్య తేడాలోనే ఉంది.

ష్వాన్ కణం ఏం చేస్తుందంటే, న్యూరాన్ నుంచి పొడుగ్గా వచ్చే తీగని, అంటే ఆక్సాన్‌ని, పట్టుకుని దాని చుట్టూ తనని తానే చుట్టుకుంటుంది. పది చుట్లు, యాభై చుట్లు, లావు తీగైతే వంద దాకా. లోపలి నీరంతా పిండేసినట్టు పోయి, కొవ్వు నిండిన పల్చటి పొరలు మిగులుతాయి. అదే మైలిన్. వీడియోలో ఇక్కడ పెన్సిల్‌కి కాగితం చుట్టి చూపించాను, చదివేవాళ్లు ఊహించుకోండి. ఒక ష్వాన్ కణం కప్పేది మహా అయితే ఒకటి రెండు మిల్లీమీటర్లు. తర్వాత సన్నటి ఖాళీ. ఆ తర్వాత ఇంకో ష్వాన్ కణం. నడుము నుంచి పాదం దాకా వెళ్లే ఒక్క తీగ మీద ఇలాంటి కణాలు దగ్గర దగ్గర వెయ్యి వరసలో కూర్చుని ఉంటాయి. ఆ ఖాళీలని 1870లలో ఫ్రాన్స్‌లో రాన్వియే చూశాడు, వాటికి ఆయన పేరే ఉంది.

మా బాబాయి వార్నిష్ ఉపమానం తప్పేది ఇక్కడే. మోటారు వైరు మీద వార్నిష్ ఒక చచ్చిన పూత. కరెంటు రాగిలోంచి తనంతట తాను పోతుంది, పూత పక్కకి కారకుండా ఆపుతుందంతే. నరంలో అలా కాదు. సిగ్నల్ ప్రతి ఖాళీ దగ్గర కొత్తగా పుట్టాలి. మైలిన్ ఉన్న మేర దూకి, ఖాళీలో కాలు పెట్టి, మళ్లీ దూకుతుంది. వాగులో రాళ్ల మీద గెంతుతూ దాటినట్టు. పైగా ఆ పూత బతికి ఉన్న కణం. లోపలి తీగకి తిండి కూడా అందిస్తుంది. తొడుగు చాలాకాలం లేకుండా పోతే తీగ కూడా క్షీణిస్తుంది. ఈ మాట బాబాయికి చెప్తే, "అలాంటి వైరు ఒక్క కట్ట దొరికితే నేను షాపు మూసేసుకోవచ్చు" అన్నాడు.

స్పీడ్ తేడా మీకు అనుభవమే. గడపకి కాలి బొటనవేలు తగిలినప్పుడు గుర్తు తెచ్చుకోండి. ముందు ఒక చురుక్కు. "అబ్బా" అని కాలు పట్టుకున్నాక, ఒక్క క్షణం ఆగి, అసలు మంట మెల్లగా వస్తుంది. చూడండి, వస్తుందని ముందే తెలిసిపోతుంది మనకి. చురుక్కు తెచ్చింది పల్చటి మైలిన్ ఉన్న తీగ. మంట తెచ్చింది మైలిన్ లేని తీగ, సెకనుకి ఒక మీటరు అటూ ఇటూగా నడిచి వచ్చింది. మనిషి నడక స్పీడు అది. బాగా లావు మైలిన్ ఉన్న తీగల్లో సిగ్నల్ సెకనుకి 100 మీటర్లు దాటుతుంది, 120 దాకా కూడా పోతుంది. గంటకి లెక్కేస్తే 400 కిలోమీటర్ల పైనే.

మైలిన్ లేకుండా అంత స్పీడు రాదా? వస్తుంది. తీగని లావు చేయాలి. సముద్రంలో ఉండే స్క్విడ్ అదే చేసింది. దాని పెద్ద ఆక్సాన్ దాదాపు అర మిల్లీమీటరు లావు, స్పీడు సెకనుకి 25 మీటర్ల చుట్టుపక్కల. తొడుగు లేని తీగలో స్పీడు నాలుగు రెట్లు కావాలంటే లావు పదహారు రెట్లు కావాలి. అంటే సెకనుకి 100 మీటర్లు రావాలంటే 8 మిల్లీమీటర్లు. ఒక్క తీగ పెన్సిల్ అంత! మన నరంలో అదే స్పీడు ఇచ్చే తీగ, తొడుగుతో కలిపి, మిల్లీమీటరులో యాభయ్యో వంతు. తొడ వెనక దిగే నరంలో తీగలు వేలకి వేలు. అన్నీ పెన్సిళ్లయితే తొడ సరిపోతుందా చెప్పండి. వెన్నెముక ఉన్న జీవుల్లో దవడలు లేని లాంప్రే లాంటివాటికి మైలిన్ లేదు. దవడలున్న సొరచేప నుంచి కప్ప, నెమలి, మన దాకా అందరికీ ఉంది. పెద్ద ఒళ్లు పెట్టుకుని చురుగ్గా తిరగగలుగుతున్నామంటే ఈ కొవ్వు చుట్టల పుణ్యమే.

ఇప్పుడు బాబాయికి ఏం జరిగిందో చెప్పుకోవడం తేలిక. 1916లో, మొదటి ప్రపంచ యుద్ధం నడుస్తుండగా, ఇద్దరు సైనికుల్లో ఈ జబ్బుని గిలియన్, బారీ, స్ట్రోల్ అని ముగ్గురు ఫ్రెంచి డాక్టర్లు వర్ణించారు. మూడో ఆయన పేరు ఎక్కడో రాలిపోయింది, పాపం. కడుపులోనో గొంతులోనో ఒక ఇన్ఫెక్షన్ వస్తుంది. దాన్ని కొట్టడానికి ఒళ్లు తయారుచేసుకున్న ఆయుధాలు, క్రిమి పోయాక సొంత నరాల మీదకి తిరుగుతాయి. జీబీఎస్‌లో తీగలనే కొట్టే రకం ఉంది, తొడుగుని కొట్టే రకం ఉంది. బాబాయిది రెండోది. రక్షక కణాలు వచ్చి మైలిన్ పొరల్ని చీల్చి తినేశాయి. రాళ్లు కొట్టుకుపోయిన వాగులో గెంతేవాడు ఆగిపోయినట్టు సిగ్నల్ మధ్యలో ఆగిపోయింది. వైద్యం అంటే ఆ దాడిని చల్లార్చడం. వేలమంది దాతల రక్తం నుంచి తీసిన యాంటీబాడీలు ఐదు రోజులు ఎక్కించారు, ఐవీఐజీ అంటారు. ఖరీదు గురించి మాట్లాడితే ఈ ఎపిసోడ్ ఇంకో దారి పడుతుంది. రక్తంలో ప్లాస్మాని తీసి మార్చడం ఇంకో పద్ధతి, అదీ అంతే పనిచేస్తుంది.

కానీ తొడుగుని తిరిగి కట్టింది మందు కాదు. మిగిలిన ష్వాన్ కణాలు. అవి విడిపోయి, రెట్టింపై, బట్టబయలైన తీగ మీద మళ్లీ వరసగా కూర్చుని, మళ్లీ చుట్టుకున్నాయి. కొత్త చుట్టలు పాతవాటి కంటే పొట్టిగా, పల్చగా ఉంటాయి. అందుకే బాబాయి ఇప్పటికీ సాయంత్రం అయ్యేసరికి కాళ్లు లాగుతున్నాయంటాడు. అయినా నడుస్తున్నాడు.

తీగే తెగిపోయినా ష్వాన్ కణాలు ఊరుకోవు. ఇది నాకు చాలా ఇష్టమైన భాగం. చెయ్యి కోసుకుని నరం తెగిందనుకోండి. తెగిన చోటు నుంచి అవతలి తీగ చచ్చిపోతుంది. 1850లోనే వాలర్ అనే ఆయన కప్ప నాలుక నరాల్లో ఇది చూశాడు. అప్పుడు ష్వాన్ కణాలు ఏం చేస్తాయి? చుట్టుకోవడం మానేసి, వేషం మార్చేస్తాయి. తమ సొంత మైలిన్‌నే తినేసి చెత్త ఎత్తిపోస్తాయి. ఇంకా తినేవాళ్లు కావాలని తెల్లకణాల్ని పిలుస్తాయి. తర్వాత పాత గొట్టంలోనే ఒకదాని వెనక ఒకటి బారు తీరి, పెరగడానికి కావాల్సిన రసాయనాలు వదులుతూ కొత్త తీగ కోసం కాచుకుని ఉంటాయి. ఆ బాట పట్టుకుని తీగ రోజుకి సుమారు ఒక మిల్లీమీటరు పెరుగుతుంది. మోచేతి దగ్గర తెగితే వేలు దాకా రావడానికి ఏడాది పడుతుంది. దూరం మరీ ఎక్కువైతే, ఆలస్యమైతే, ఆ ఓపిక కూడా తగ్గిపోతుంది. అందుకే తెగిన నరాన్ని సర్జన్ త్వరగా కుట్టాలని తొందరపడతారు.

ష్వాన్ కణాల గురించి మాట్లాడుతూ మన దేశంలో కుష్టు గురించి చెప్పకపోతే అన్యాయం. ప్రపంచంలో కొత్తగా బయటపడే కుష్టు కేసుల్లో సగానికి పైగా మన దేశంలోనే. ఆ బ్యాక్టీరియా ఇల్లు కట్టుకునేది ష్వాన్ కణంలోనే. అందుకే ఆ మచ్చ మీద స్పర్శ ఉండదు, అన్నం గిన్నె కాలినా తెలీదు. వేళ్లు పోయేది జబ్బు తినేసి కాదు, నొప్పి తెలీక దెబ్బలు తగిలి, పుండ్లు పడి. 1915లో నిజామాబాద్ దగ్గర డిచ్‌పల్లిలో ఇసబెల్ కెర్ ఆసుపత్రి పెట్టినప్పుడు సరైన మందు లేదు. ఇప్పుడు ఉంది, ప్రభుత్వాసుపత్రుల్లో ఉచితం. స్పర్శ లేని మచ్చ మీ ఇంట్లో ఎవరికైనా ఉంటే ఈ వీడియో ఆపి ముందు వాళ్లని తీసుకెళ్లండి.

ఇప్పుడు ఆ తమ్ముడి వెన్నుపాము దగ్గరికి వద్దాం.

అక్కడ తొడుగు చుట్టేది ఆలిగోడెండ్రోసైట్. ఇది ఒక తీగకి కట్టుబడి ఉండదు. ఆక్టోపస్‌లా చేతులు చాచి, ఒక్కటే ముప్పై, నలభై తీగల్ని చుట్టగలదు. స్థలం ఆదా. కానీ దెబ్బ తగిలినప్పుడు ఒకటి చస్తే నలభై చోట్ల తొడుగు పోతుంది. పైగా ఇది ష్వాన్ కణంలా వేషం మార్చదు, చెత్త ఎత్తదు, బాట వేయదు. విరిగిన మైలిన్ ముక్కలు నెలలు, ఏళ్ల తరబడి అక్కడే పడి ఉంటాయి. ఆ ముక్కల్లో తీగ పెరగకుండా ఆపే ప్రొటీన్లు ఉన్నాయని జూరిక్‌లో మార్టిన్ ష్వాబ్ 1980ల చివర్లో చూపించాడు. వాటిలో ఒకదానికి తర్వాత నోగో అని పేరు పెట్టారు. ఇంగ్లిష్‌లో పోకు అన్నట్టే.

దానికి తోడు ఆస్ట్రోసైట్లు వచ్చి గాయం చుట్టూ గోడ కడతాయి. చాలాకాలం ఆ గోడే విలన్ అనుకున్నారు. 2016లో ఎలుకల్లో ఆ గోడ కట్టకుండా ఆపి చూస్తే, తీగలు పెరగడం మాట అటుంచి, పరిస్థితి ఏమీ మెరుగుపడలేదు. ఆ గోడ మంట మిగతా చోటికి పాకకుండా కాపాడుతోంది. ఊరికి నిప్పంటుకుంటే పక్క ఇళ్ల కప్పులు పీకేసినట్టు, నష్టమే కానీ ఊరు మిగులుతుంది. యూట్యూబ్‌లో "గ్లియల్ స్కార్‌ని తొలగిస్తే నడక వస్తుంది" అని ఎవరైనా చెప్తే కొంచెం ఆగి వినండి.

అయితే అసలు ప్రశ్న. తప్పు తీగదా, చోటుదా? దీనికి మాంట్రియల్‌లో అల్బెర్టో అగ్వాయో బృందం చేసిన ప్రయోగం చెప్తాను. శామ్యూల్ డేవిడ్‌తో కలిసి ఆయన రాసిన పేపర్ 1981లో వచ్చింది. ఎలుక కాలి నరంలోంచి ఒక ముక్క తీశారు. లోపల ష్వాన్ కణాలున్నాయి కదా, అదీ అసలు సరుకు. దాని ఒక కొసని మెదడు అడుగు భాగంలో, రెండో కొసని వెన్నుపాములో గుచ్చారు. వెన్నెముక బయట నుంచి బైపాస్ రోడ్డు వేసినట్టు. కొన్ని నెలల తర్వాత చూస్తే, ఎన్నడూ పెరగవనుకున్న మెదడు, వెన్నుపాము కణాల తీగలు ఆ బైపాస్‌లోకి దిగి, మూడు సెంటీమీటర్ల దాకా పెరిగాయి. ఎలుకకి మూడు సెంటీమీటర్లంటే తక్కువా? అంటే వాటికి పెరగడం చేతకాక కాదు.

కానీ అవతలి కొస దగ్గర ష్వాన్ కణాలు అయిపోయి, మళ్లీ వెన్నుపాములోకి అడుగుపెట్టగానే, ఒకటి రెండు మిల్లీమీటర్లలో ఆగిపోయాయి.

నేను ఈ పేపర్ చదివింది రాత్రి పన్నెండు తర్వాత. ఆ చివరి ముక్క దగ్గర చాలాసేపు ఆగిపోయాను. నన్ను అడిగిన ప్రశ్నకి ఇంతకంటే నిజాయితీ జవాబు నాకు దొరకలేదు. తమ్ముడూ, నీ తీగలు చేతగానివి కావు. మా బాబాయి తీగలకి తోడుగా ఉన్నవాళ్లు వేరు, నీ తీగలకి తోడుగా ఉన్నవాళ్లు వేరు. ఇదే మొత్తం కారణం అని మాత్రం చెప్పను. బాబాయి తీగలు తెగలేదు, అతనివి తెగాయి. పైగా పెద్దయ్యాక వెన్నుపాములోని తీగలకి సొంతంగా పెరిగే ఊపు కూడా తగ్గుతుంది. అయినా తోడు సంగతి చాలా పెద్దది.

మరి ష్వాన్ కణాల్ని తెచ్చి మనిషి వెన్నుపాములో పెట్టొచ్చు కదా అంటారు. పెట్టి చూస్తున్నారు. ముక్కులో వాసన పట్టే నరాలు జీవితమంతా కొత్తగా పుడుతూ మెదడులోకి వెళ్తుంటాయి, వాటికి దారి చూపే ప్రత్యేకమైన గ్లియా ఉంది. పోలండ్‌లో కత్తిపోటుకి వెన్నుపాము తెగిన డారెక్ ఫిడికా అనే ఆయనకి 2012లో ఆ గ్లియాని, కాలి నరం ముక్కల్ని కలిపి పెట్టారు. తర్వాత ఆయనకి కొంత స్పర్శ, కొంత కదలిక వచ్చాయని 2014లో ప్రకటించారు. ప్రపంచమంతా హెడ్‌లైన్. కానీ ఒక్క మనిషి. దాంతోపాటు ఏళ్ల తరబడి విపరీతమైన ఫిజియోథెరపీ. ఒక్క మనిషిని చూసి అందరికీ వస్తుందని చెప్పలేం.

చెప్పేవాళ్లున్నారు, అదే బాధ. ఆ తమ్ముడి ఇంటికి ఒక వాట్సాప్ ఫార్వర్డ్ వచ్చింది. ఒక పెద్ద సిటీలో క్లినిక్, స్టెమ్ సెల్ ఇంజెక్షన్, నాలుగు డోసులు, లక్షల్లో ఖర్చు. వాళ్ల నాన్నగారు అరెకరం బేరానికి పెట్టేశారు. బ్రోచర్ నాకు ఫొటో తీసి పంపి "అన్నా, చూసి చెప్పు" అన్నాడు. ఈసారి "వస్తాయిలే" అనలేదు. ఐసీఎంఆర్ 2017 మార్గదర్శకాల్లో స్పష్టంగా ఉంది. కొన్ని రక్త సంబంధ జబ్బులకి చేసే మార్పిడి తప్ప, మనుషుల్లో స్టెమ్ సెల్స్ వాడకం అంతా ఇంకా ప్రయోగమే. అనుమతి ఉన్న క్లినికల్ ట్రయల్‌లోనే చేయాలి. ట్రయల్ అయితే దేశపు ట్రయల్స్ రిజిస్ట్రీలో నంబర్ ఉండాలి, పేషెంట్ దగ్గర డబ్బు గుంజకూడదు. "ఆ నంబర్ అడుగు" అన్నాను. అడిగాడు. అవతలివాళ్లు ఆ తర్వాత ఫోన్ ఎత్తలేదు. పొలం మిగిలింది. వాళ్ల నాన్నగారు మాత్రం నాతో రెండు నెలలు మాట్లాడలేదు. ఆశ పోగొట్టానని. ఆయన్ని నేను తప్పు పట్టను.

ఒక్క సంగతి చెప్పి ముగిస్తాను. అక్వేరియం షాపుల్లో చారల చిన్న చేప ఉంటుంది చూడండి, జీబ్రా చేప. మన దేశపు వాగుల్లోదే. 1822లో గంగానది చేపల మీద హామిల్టన్ రాసిన పుస్తకంలో మొదటిసారి దాన్ని వర్ణించాడు. ఆ చేప వెన్నుపాముని అడ్డంగా పూర్తిగా కోసేస్తే, ఆరు నుంచి ఎనిమిది వారాల్లో మళ్లీ ఈదుతుంది. దానికీ మనలాగే వెన్నెముక ఉంది, మైలిన్ ఉంది, గ్లియా ఉంది. కానీ కోసిన చోట దాని గ్లియా గోడ కట్టదు. రెండు కొసల మధ్య వంతెనలా సాగుతుంది, తీగలు దాటుతాయి. 2016లో అమెరికాలో డ్యూక్ యూనివర్సిటీ వాళ్లు ఆ వంతెనకి కావాల్సిన ఒక ప్రొటీన్‌ని కూడా పట్టుకున్నారు. దానికి దగ్గరి చుట్టం లాంటి ప్రొటీన్ మనలోనూ ఉంది.

ఆ తమ్ముడు ఇప్పుడు బస్టాండ్ దగ్గర మొబైల్ డిస్‌ప్లేలు మారుస్తున్నాడు. వీల్‌చైర్ పట్టేలా కౌంటర్ ఎత్తు తగ్గించి కట్టించుకున్నాడు. ఈ స్క్రిప్ట్ రికార్డ్ చేసే ముందు అతనికే పంపాను, నీ గురించి చెప్పనా వద్దా అని అడిగాను. "పేరు చెప్పకు, మిగతాది చెప్పు" అన్నాడు. పది నిమిషాల తర్వాత ఇంకో మెసేజ్ వచ్చింది.

"అన్నా, చేప సంగతి నిజమేనా?"

నిజమే అని రాశాను. వచ్చే ఎపిసోడ్ దాని మీదే.